ఒకే వరుసలో నిలబెట్టిన పరమాణువులు: ఒకదాన్ని కదిపితే ఏం కదులుతుంది?

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసం తెలుగులో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం, మధ్యలో వచ్చిన ప్రశ్నలు కూడా వదల్లేదు.)

అందరికీ నమస్కారం. పెద్దలు చాలామంది వచ్చారు, సంతోషం, కానీ నేను ముందు వరుసల్లో కూర్చున్న డిగ్రీ పిల్లల్ని చూసే మాట్లాడతాను. ఈ విషయం అర్థం కావడానికి డిగ్రీలో చదివే క్వాంటమ్ మెకానిక్స్ చాలు. పెట్టెలో బంధించిన కణం లెక్క ఒక్కటి వచ్చి ఉంటే మిగతా దారి కలిసి నడుద్దాం.

ఒక పదార్థం ఎలాంటిదో తెలుసుకోవాలంటే దాన్ని కొంచెం కదిపి చూడాలి. కాస్త ద్రవ్యవేగం ఇస్తాం, అది ఎంత శక్తి తీసుకుందో కొలుస్తాం, ఇంకాస్త ఎక్కువ ఇచ్చి మళ్ళీ కొలుస్తాం. అలా వచ్చిన గ్రాఫ్‌లో ద్రవ్యవేగం అడ్డంగా, శక్తి నిలువుగా ఉంటుంది, ఆ పదార్థం గురించిన ముఖ్యమైన సంగతులన్నీ దాదాపు అందులోనే ఉంటాయి. ఇలా కదిపినప్పుడు లోపల పుట్టే కదలికనే ఉత్తేజం అంటున్నాం. స్ఫటికంలో అయితే అది శబ్ద తరంగం, లోహంలో అయితే ఎలక్ట్రాన్ ఒక స్థాయి నుంచి పై స్థాయికి వెళ్ళడం. ఈ రోజు నేను చెప్పబోయే వాయువులో ఏం పుడుతుందన్నది మాత్రం 1963లో కాగితం మీద తేలింది, ప్రయోగశాలలో దాన్ని సరిగ్గా కొలవడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ యాభై ఏళ్ళ కథంటే నాకు ప్రాణం.

ముందు ఆ వాయువు ఏంటో చూద్దాం. రుబీడియం, సీజియం లాంటి మూలకాల పరమాణువుల్ని శూన్య గదిలో పెట్టి లేజర్లతో చల్లబరుస్తారు, ఆ తర్వాత వాటిలో వేడిగా ఉన్నవాటిని బయటికి పోనిచ్చి మిగిలినవాటిని ఇంకా చల్లబరుస్తారు. చివరికి పరమ శూన్య ఉష్ణోగ్రతకి పదుల నానోకెల్విన్ల దూరంలోకి వచ్చేస్తాం. ఈ గదిలో ఉష్ణోగ్రత 300 కెల్విన్, అక్కడ ఉన్నది ఒక కెల్విన్‌లో కోటో వంతు కన్నా తక్కువ. అంత చలిలో ఒక్కో పరమాణువు తరంగం చాలా పొడుగు సాగి పక్క పరమాణువుల మీదికి వెళ్ళిపోతుంది. బోస్ 1924లో ఢాకా నుంచి ఐన్‌స్టీన్‌కి పంపిన వ్యాసం, దాని మీద ఐన్‌స్టీన్ చేసిన పని మీరు చదివే ఉంటారు. బాగా చల్లబరిస్తే పరమాణువులు ఒకే స్థితిలోకి చేరిపోతాయని అందులోంచి పుట్టిన ఊహ 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో రుబీడియంతో నిజమైంది, 2001లో నోబెల్ కూడా వచ్చింది. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, ఈ వాయువు మనం పీల్చే గాలి కన్నా లక్ష రెట్లకు పైగా పలచన. ఇంత పలచటి వాయువులో పరమాణువులు ఒకదాన్నొకటి పెద్దగా పట్టించుకోవని ఎవరికైనా అనిపిస్తుంది. మూడు దిక్కుల్లో కదిలే వాయువుకి అది చాలావరకు నిజమే.

ఇప్పుడు దాన్ని ఒక్క దిక్కులోకి కుదిద్దాం. రెండు ఎదురెదురు లేజర్ కిరణాలు కలిస్తే నిలబడిపోయిన తరంగం వస్తుంది, అలాంటి రెండు తరంగాల్ని లంబంగా దాటించారంటే, పరమాణువులు ఉండగలిగే చోట్లు సన్నటి గొట్టాల గుంపులా తయారవుతాయి, వేల గొట్టాలు పక్కపక్కనే, ఒక్కోదాంట్లో కొన్ని పదుల పరమాణువులు. ఒక్కో గొట్టం పొడవు పదుల మైక్రాన్లు ఉంటే, పరమాణువు అడ్డంగా కదలగలిగే వెడల్పు యాభై నానోమీటర్ల లెక్కలో ఉంటుంది.

ఒక కుర్రాడు అడిగాడు: "సార్, వెడల్పు ఉంది కదా, మరి ఒక్క దిక్కే అని ఎలా అంటాం?"

చాలా సరైన ప్రశ్న, బాబూ. పెట్టెలో కణం లెక్క వేసినవాళ్ళకి జవాబు చేతిలోనే ఉంది. సన్నటి చోట బంధిస్తే శక్తి స్థాయిల మధ్య దూరం పెరుగుతుంది. ఇక్కడ అడ్డదిక్కులో మొదటి మెట్టు ఎక్కాలంటే కావలసిన శక్తిని ఉష్ణోగ్రత లెక్కలో చెబితే దాదాపు 2 మైక్రోకెల్విన్లు, అంటే 2000 నానోకెల్విన్లు. పరమాణువుల దగ్గర ఉన్నది పదుల నానోకెల్విన్లు. ఆ మెట్టు ఎక్కే శక్తి ఎవరి దగ్గరా లేదు కాబట్టి అందరూ అడ్డదిక్కులో నేల స్థాయిలోనే, అంటే అన్నిటికన్నా తక్కువ శక్తి ఉన్న స్థాయిలోనే ఉండిపోతారు, కదలిక మిగిలేది పొడుగునే. వెడల్పు ఉన్నా దాన్ని వాడుకునే దారి లేదు. ఒక్క దిక్కు అనడంలో ఉన్న భౌతికార్థం ఇంతే.

ఇక్కడి నుంచి అసలు సంగతి. చార్మినార్ పక్కన లాడ్ బజార్ వెనక సందుల్లో బండి మీద ఇరుక్కుపోయిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది: ముందున్న తోపుడు బండి కదిలితే తప్ప మనం కదలం, మనం కదిలితే తప్ప వెనకాయన కదలడు, ఎంత మంచి బండి ఉన్నా దాటి వెళ్ళే ప్రశ్నే లేదు. ఆ సందులో "నా కదలిక" అని విడిగా ఏదీ ఉండదు, వరుస కదలికే ఉంటుంది. గొట్టంలో పరమాణువుల పరిస్థితీ అదే. మూడు దిక్కుల్లో అయితే ఒక పరమాణువుని తోస్తే అది మిగతావాటి మధ్య నుంచి, వాటి ప్రభావంతో కాస్త బరువెక్కినట్టు ఉన్నా, తన దారిన తను పోతుంది. ఎలక్ట్రాన్ల లాంటి ఫెర్మియాన్లకి, అంటే రెండు ఒకే స్థితిలో ఉండలేని కణాలకి, 1956లో లాండౌ కట్టిన సిద్ధాంతానికి పునాది అదే, చుట్టూ ఎంత రద్దీ ఉన్నా కణం కణంలానే మిగులుతుందన్న నమ్మకం. ఒక్క దిక్కులో ఆ పునాది నిలవదు. అక్కడ ఒకదాన్ని కదిపితే పుట్టేది ఎప్పుడూ ఉమ్మడి కదలికే.

దీనితోపాటు ఇంకో వింత ఉంది, నేను మొదటిసారి చదివినప్పుడు రెండు మూడుసార్లు లెక్క వేసుకుని గానీ నమ్మలేదు. ఒక్క దిక్కులో వాయువు పలచనయ్యే కొద్దీ పరస్పర చర్య బలపడుతుంది! మళ్ళీ చెబుతాను, పరమాణువుల మధ్య దూరం పెరిగే కొద్దీ అవి ఒకదాన్నొకటి ఎక్కువ పట్టించుకుంటాయి. ఎందుకంటే, ఇక్కడ రెండు ఖర్చుల మధ్య పోటీ జరుగుతుంది. పరమాణువులు ఒకదాని మీద ఒకటి పడితే వికర్షణ వల్ల కొంత శక్తి ఖర్చు, అది సాంద్రతకి అనులోమంగా ఉంటుంది. అలా పడకుండా తప్పించుకోవాలంటే, పరమాణువు ఎక్కడ ఉండే అవకాశం ఎంతో చెప్పే తరంగ ప్రమేయం పక్కవాడి దగ్గర వంగి సున్నా వైపు దిగాలి, ఆ వంపుకి గతిశక్తి ఖర్చవుతుంది, అది సాంద్రత వర్గానికి అనులోమం. సాంద్రతని పదో వంతుకి తగ్గించండి. మీద పడే ఖర్చు పదో వంతు అవుతుంది, తప్పించుకునే ఖర్చు మాత్రం నూరో వంతు అయిపోతుంది. అప్పుడు తప్పించుకోవడమే చవక. ఈ రెండు ఖర్చుల నిష్పత్తిని గామా అనే అక్షరంతో రాస్తారు. గామా చిన్నదైతే మామూలు బోస్ వాయువు, అందరూ ఒకరి మీద ఒకరు పరుచుకుని హాయిగా ఉంటారు. గామా బాగా పెద్దదైతే ఎవరి చోటు వారిది.

గామా అనంతమైతే? 1960లో మార్విన్ జిరార్డో ఈ ప్రశ్నకి ఇచ్చిన జవాబు బోర్డు మీద ఒక్క వరుసలో పడుతుంది. మామూలుగా ఒకే స్థితిలో ఎన్నైనా చేరగలిగే మన రుబీడియం లాంటి కణాల్ని బోసాన్లు అంటారు, రెండు బోసాన్లు ఒకే చోట ఉండలేవనుకుందాం, అంటే వాటి తరంగ ప్రమేయం అవి కలిసే చోట సున్నా. కానీ ఒకే చోట సున్నా అయ్యే ప్రమేయాలు మనకి ముందే తెలుసు, పౌలీ నియమం ప్రకారం ఫెర్మియాన్లవి అలాగే ఉంటాయి. కాబట్టి ఒకదాన్నొకటి అసలు పట్టించుకోని ఫెర్మియాన్ల ప్రమేయం తీసుకుని దాని గుర్తు తీసేసి పరమ మూల్యం రాయండి, విపరీతంగా వికర్షించుకునే బోసాన్ల ప్రమేయం అదే! అత్యంత కష్టమైన లెక్క, అత్యంత సులువైన లెక్కగా మారిపోయింది. శక్తులు, సాంద్రత, పక్కపక్క పరమాణువుల మధ్య దూరాల తీరు, అన్నీ ఫెర్మియాన్లవే. ద్రవ్యవేగాల పంపిణీ మాత్రం వేరు, బోసాన్లలో అది సున్నా దగ్గర మొనదేలి ఉంటుంది. దీన్ని టాంక్స్–జిరార్డో వాయువు అంటారు. లెవి టాంక్స్ 1936లోనే క్లాసికల్ పద్ధతిలో, వరుసలో పేర్చిన గట్టి కణాల లెక్క వేశారు కాబట్టి ఆయన పేరూ చేరింది. 2004లో ఈ వాయువుని రెండు చోట్ల తయారు చేశారు, జర్మనీలో ఇమ్మాన్యుయేల్ బ్లాక్ బృందం, అమెరికాలో పెన్ స్టేట్‌లో డేవిడ్ వైస్ బృందం, రెండూ రుబీడియంతోనే.

గామా అనంతం కాకపోతే? అక్కడే 1963 వస్తుంది. ఎలియట్ లీబ్, వెర్నర్ లీనిగర్ ఇద్దరూ కలిసి గామా ఎంతైనా సరే నేల స్థితిని కచ్చితంగా, ఏ ఉజ్జాయింపూ లేకుండా లెక్కించారు. పద్ధతి హాన్స్ బేథే 1931లో అయస్కాంత గొలుసు కోసం కనిపెట్టినది. దాని వెంటనే లీబ్ ఒక్కరే రెండో వ్యాసం రాశారు, ఉత్తేజాల గురించి. పిల్లలూ, ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే ఈ సాయంత్రం నేను వచ్చిందే దీనికోసం.

గామా అనంతం దగ్గర చిత్రం గీద్దాం. ఫెర్మియాన్లలాగే ఒక్కో ద్రవ్యవేగ స్థాయిలో ఒక్కటే ఉంటుంది, మధ్య నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ సమానంగా నిండి రెండు చివరల దగ్గర ఆగిపోతుంది. ఆ చివర ఎక్కడో సాంద్రత నిర్ణయిస్తుంది, సాంద్రతని పైతో, ప్లాంక్ స్థిరాంకంతో గుణిస్తే వచ్చేస్తుంది, ఇక్కడ ప్లాంక్ స్థిరాంకం అంటే రెండు పైలతో భాగించినది. గామా తక్కువైనప్పుడు కూడా ఇలాంటి నిండిన వరుసే ఉంటుంది, అంకెలు మారతాయి, అంతే. ఈ వరుసని కదపడానికి రెండు తీరులున్నాయి. చివర ఉన్నదాన్ని తీసి ఖాళీగా ఉన్న పై స్థాయిలోకి పంపొచ్చు. లేదా లోపల ఉన్న ఒకదాన్ని తీసి, చివరి పక్కనే ఉన్న మొదటి ఖాళీలో పెట్టొచ్చు, అప్పుడు లోపల ఒక గుంత మిగులుతుంది. మొదటిది లీబ్ ఒకటో రకం, రెండోది లీబ్ రెండో రకం. గ్రాఫ్ మీద రెండు గీతలూ సున్నా దగ్గర ఒకే వాలుతో మొదలవుతాయి, ఆ వాలే శబ్ద వేగం. ఆ తర్వాత ఒకటో రకం పైకి వంగుతూ వెళ్ళిపోతుంది. రెండో రకం కొంత ఎక్కి, కిందికి వంగి, ఒక చోట మళ్ళీ సున్నా శక్తికి వచ్చేస్తుంది.

ఆ సున్నా ఎక్కడుందో చూడండి. ఎడమ చివర ఉన్నదాన్ని తీసి కుడి చివర పెడితే బోలెడు ద్రవ్యవేగం మారింది, శక్తి మాత్రం మారలేదు. అంటే ఈ వాయువు శక్తి తీసుకోకుండానే ద్రవ్యవేగం తీసుకోగలదు. అతిద్రవత్వానికి, అంటే రాపిడి లేకుండా ప్రవహించడానికి, లాండౌ పెట్టిన షరతు మీకు గుర్తుంటే, దాని ప్రకారం ఈ వాయువుకి సంధి వేగం, అంటే రాపిడి మొదలయ్యే వేగం, సున్నా. గామా తక్కువగా ఉన్నప్పుడు ఆ దారి చాలా బలహీనం కాబట్టి బయటికి అతిద్రవంలానే కనిపిస్తుంది, గామా పెరిగే కొద్దీ ఆ దారి తెరుచుకుంటుంది.

ఒకటో రకం వచ్చినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే 1947లో బొగొల్యుబోవ్ బలహీనమైన బోస్ వాయువుకి లెక్కించిన గీత అదే. రెండో రకానికి మాత్రం బొగొల్యుబోవ్ సిద్ధాంతంలో చోటే లేదు. అది ఏంటో తేలడానికి పదమూడేళ్ళు పట్టింది. 1976లో కూలిష్, మనకోవ్, ఫదీవ్ లెక్క వేసి చూస్తే, పరస్పర చర్య బలహీనంగా ఉన్నప్పుడు ఆ గీత డార్క్ సోలిటాన్ గీతతో సరిపోయింది, అంటే వాయువులో ఒక చోట సాంద్రత తగ్గి, ఆ పల్లం ఆకారం చెడకుండా ప్రయాణిస్తుందన్నమాట. లోపలి గుంత అని కాగితం మీద రాసుకున్నది, బయట నిజంగా కదిలే పల్లమైంది.

ఇక కొలవడం. రెండు లేజర్ కిరణాల్ని కొంచెం కోణంతో వాయువు మీద వేస్తారు, వాటి పౌనఃపున్యాల మధ్య చిన్న తేడా ఉంచుతారు. వాయువు ఒక కిరణం నుంచి ఫోటాన్ తీసుకుని రెండో కిరణంలోకి వదులుతుంది, ఆ లావాదేవీలో ఎంత ద్రవ్యవేగం వచ్చిందో కోణం చెబుతుంది, ఎంత శక్తి వచ్చిందో పౌనఃపున్యాల తేడా చెబుతుంది. దీన్ని బ్రాగ్ స్పెక్ట్రోస్కోపీ అంటారు. కోణం స్థిరంగా ఉంచి తేడాని మారుస్తూ వెళ్తే, ఆ ద్రవ్యవేగం దగ్గర వాయువు ఏ ఏ శక్తుల్ని ఒప్పుకుంటుందో వరసగా తెలుస్తుంది.

2015లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హాన్స్ క్రిస్టోఫ్ నేగెర్ల్ బృందం సీజియంతో ఇది చేసింది. సీజియం ఎందుకంటే, అయస్కాంత క్షేత్రం మార్చి దాని పరమాణువుల మధ్య వికర్షణని కావలసినంత పెంచుకోవచ్చు. గొట్టంలో బంధించడం వల్ల కూడా ఈ వికర్షణ మారుతుందని 1998లో మాక్సిమ్ ఓల్షానీ చూపించారు, దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. బలహీనమైన చోట మొదలుపెడితే శక్తి ఒక ఇరుకు శిఖరంగా కనిపించింది, అది బొగొల్యుబోవ్ గీత చుట్టూనే ఉంది. వికర్షణ పెంచుతూ పోతే శిఖరం వెడల్పయింది. అలా ఎందుకవుతుందంటే, బలమైన వాయువులో ఒక ద్రవ్యవేగానికి ఒకే శక్తి ఉండదు, రెండో రకం గీత నుంచి ఒకటో రకం గీత దాకా మధ్యలో ఉన్న శక్తులన్నిటికీ దారి ఉంటుంది. బేథే పద్ధతితో ముందే లెక్కించి పెట్టిన ఆకారంతో ఈ కొలత సరిపోయింది. అదే ఏడాది ఇటలీలో ఫ్లోరెన్స్ బృందం కూడా రుబీడియంతో ఇలాంటి కొలతే ప్రచురించింది.

ఇబ్బందులు లేవని అనను. గొట్టాలన్నిట్లో సాంద్రత ఒకేలా ఉండదు, మధ్యలోవి నిండుగా, అంచులవి పలచగా, పైగా ఒక్కో గొట్టంలోనే మధ్య నుంచి చివరికి మారుతుంది. కొలత వీటన్నిటి సగటు. కాబట్టి రెండు గీతలూ విడివిడిగా పదునుగా కనపడవు, ఆ సగటుని లెక్కలో కూడా చేసి పోల్చాలి. అయినా ఇష్టం వచ్చినట్టు తిప్పుకునే స్థిరాంకాలు పెట్టకుండా, 1963 నాటి సమీకరణాల నుంచి బయలుదేరి ఒక నిజమైన వాయువు స్పందన దాకా రావడం ఎంత పెద్ద సంగతో మీరే ఆలోచించండి. అనేక కణాల సమస్యల్లో మనం దాదాపు ఎప్పుడూ ఉజ్జాయింపులతోనే బతుకుతాం.

ఒక అమ్మాయి అడిగింది: "సార్, వికర్షణ కాకుండా ఆకర్షణ పెడితే అంతా కుప్పకూలిపోతుందా?"

కూలాలి అనే అనిపిస్తుందమ్మా. 2009లో ఇన్స్‌బ్రుక్ వాళ్ళే చేసి చూశారు. వికర్షణని అనంతం దాకా పెంచి, అక్కడి నుంచి ఒక్కసారిగా బలమైన ఆకర్షణ వైపు మార్చారు. వాయువు కూలలేదు. పరమాణువులు అప్పటికే దూరదూరంగా సర్దుకుని ఉన్నాయి, ఒకదాన్నొకటి కలిసే అవకాశం దాదాపు లేదు, ఆకర్షణ ఉన్నా అది పనిచేసే చోటికి ఎవరూ రావడం లేదు. దీన్ని సూపర్ టాంక్స్–జిరార్డో స్థితి అంటారు. గమనించండి, అది నేల స్థితి కాదు, చాలా ఎత్తున ఉన్న ఉత్తేజిత స్థితి, అయినా నిలబడింది. మామూలుగా ఉత్తేజిత స్థితి అంటే కాసేపట్లో పడిపోయేది అనుకుంటాం కదా.

ఇలా నిలబడటానికి ఇంకో పెద్ద ఉదాహరణ 2006లో వైస్ బృందం చేసిన ప్రయోగం. గొట్టాల్లోని పరమాణువుల్ని లేజర్‌తో కొట్టి సగం ఇటు, సగం అటు పంపారు, అవి వెనక్కి వచ్చి ఢీకొని, మళ్ళీ విడిపోయి, మళ్ళీ ఢీకొని, అలా ఒక్కో పరమాణువు వేల ఢీలు తిన్నా వాయువు సర్దుకుని వేడెక్కిన మామూలు వాయువుగా మారలేదు. ఒకే బరువున్న రెండు కణాలు వరుసలో ఢీకొంటే వేగాలు మార్చుకుంటాయి, కొత్త వేగాలు పుట్టవు. లీబ్–లీనిగర్ నమూనాలో మూడు కణాలు కలిసినా ఆ ఢీని రెండేసి ఢీలుగా విడగొట్టొచ్చు కాబట్టి అక్కడా పుట్టవు. మొదట్లో ఉన్న పంపిణీ అలాగే మిగిలిపోతుంది. ఇలాంటి వాయువు ఎలా ప్రవహిస్తుందో చెప్పే కొత్త సమీకరణాలు 2016లో రెండు బృందాల నుంచి విడివిడిగా వచ్చాయి, వాటి మీద ఇప్పుడు చాలా పని జరుగుతోంది.

వెనక నుంచి ఒక పెద్దాయన: "దీని ఉపయోగం ఏంటండీ?"

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. సన్నటి తీగల్లో ఎలక్ట్రాన్లు కూడా ఇలాగే వరుసలో ఉంటాయండీ, కానీ తీగలో మలినాలుంటాయి, ప్రకంపనలుంటాయి, ఏది దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం. ఇక్కడ పరమాణువులతో ప్రతిదీ మన చేతిలో ఉంటుంది. ఉదాహరణకి ఒక్క దిక్కులో ఎలక్ట్రాన్ స్పిన్ (దాన్ని చిన్న అయస్కాంతంలా చేసే గుణం) అల ఒక వేగంతో, ఆవేశం అల ఇంకో వేగంతో విడివిడిగా పోతాయని సిద్ధాంతం చెబుతుంది. 2022లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో రాండల్ హ్యూలెట్ బృందం లిథియం పరమాణువులతో, వాటికి ఆవేశం లేదు కాబట్టి ఆవేశం అల బదులు సాంద్రత అల తీసుకుని, ఆ రెండు వేగాల్నీ వేరువేరుగా కొలిచింది, వికర్షణ పెంచితే స్పిన్ అల వేగం తగ్గి రెండోది పెరిగింది. రేపు నానోమీటర్ల వెడల్పు తీగలతో పరికరాలు చేసేవాళ్ళకి ఈ అవగాహన కావాలి. కానీ నిజం చెప్పాలంటే నన్ను ఈ రంగంలోకి లాగింది పరికరాలు కాదండీ. అన్ని కణాలూ ఒకేసారి లాక్కుంటూ తోసుకుంటూ ఉండే సమస్యకి కచ్చితమైన జవాబు దొరికే చోట్లు చాలా తక్కువ, దొరికిన చోట దాన్ని కొలిచి కూడా చూడగలగడం ఇంకా తక్కువ.

చివరి ప్రశ్న అన్నారు, సరే. "సార్, అన్ని ఢీలు తిన్న ఆ వాయువు నిజంగా ఎప్పటికీ సర్దుకోదా?"

నమూనా ఎంత కచ్చితంగా నిలిస్తే అంతకాలం సర్దుకోదు. నిజమైన వాయువులో చిన్న చిన్న భంగాలు ఉంటాయి, గొట్టం పొడవునా ఉండే బంధం ఒకటి, అడ్డదిక్కు మెట్టు ఎక్కేసే అరుదైన పరమాణువు ఒకటి. 2018లో స్టాన్‌ఫోర్డ్‌లో బెంజమిన్ లెవ్ బృందం డిస్‌ప్రోసియం తీసుకుంది, ఆ పరమాణువులు చిన్న అయస్కాంతాల్లా దూరం నుంచే ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి, క్షేత్రం కోణం మారిస్తే ఆ ప్రభావం మారుతుంది. అలా భంగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, వాయువు ఎంత త్వరగా సర్దుకుంటుందో కొలిచారు. కచ్చితమైన నమూనా నుంచి వేడి అనే మామూలు ప్రపంచంలోకి దారి ఎలా తెరుచుకుంటుందో పూర్తి లెక్క ఇంకా ఎవరి దగ్గరా లేదు. పీజీ అయ్యాక ఈ పని చేయాలనుకునేవాళ్ళకి మన చుట్టూనే గోపనపల్లిలో టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్), గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, కందిలో ఐఐటీ ఉన్నాయి, అక్కడి సెమినార్ల పట్టికలు చూస్తూ ఉండండి. ఈలోపు ఇంటికి వెళ్ళి, రెండే రెండు పరమాణువులకి జిరార్డో ప్రమేయం రాసి, ద్రవ్యవేగాల పంపిణీ గీయండి. ఫెర్మియాన్లదీ పక్కనే గీయండి. ఎవరికైనా లెక్క ఆగిపోతే నేను ఇంకో అరగంట ఈ బోర్డు దగ్గరే ఉంటాను, రండి.